ముప్పై ఏళ్ళు తిన్న రొయ్య ఇప్పుడు పడట్లేదు. ఎలుకల లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

చెరువుగట్టు_రాజు
మాది భీమవరం దగ్గర పల్లె. ఊహ తెలిసిందగ్గర్నుంచీ రొయ్య తింటున్నాను. పన్నెండేళ్ళుగా పెంచుతున్నాను కూడా, ఆరెకరాల్లో వెనామీ. మొన్న కార్తీకం నెలంతా నీచు మానేసి, పోలిపాడ్యమి మర్నాడు మా ఆవిడ రొయ్యల ఇగురు చేసింది. తిన్న ఇరవై నిమిషాలకి పెదాలు బూరెల్లా పొంగాయి, ఒళ్ళంతా దద్దుర్లు. మసాలాలో ఏదో తేడా అనుకున్నా. సంక్రాంతికి మళ్ళీ తిన్నా. ఈసారి గొంతు పట్టేసినట్టయింది.

ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. మా అమ్మ దిష్టి అంటుంది. మా బావమరిది, ఎండురొయ్యల పొడి రోజూ చిటికెడు నాలిక్కి రాసుకో బావా, అదే అలవాటైపోద్ది అంటాడు. మా అమ్మాయి బీఎస్సీ చదువుతోంది. అది చెప్పేది ఏంటంటే, ఎలుకలకి గుడ్డు తెల్లసొన ముందు తినిపిస్తే, తరవాత అదే సూదిలో ఎక్కించినా వాటి ఒళ్ళు పెద్దగా గొడవ చెయ్యదంట. నోటి గుమ్మంలోంచి వచ్చినవాడు ఒంటికి చుట్టమంట.

మరి నేను ముప్పై ఏళ్ళు నోటి గుమ్మంలోంచే కదా పంపించాను! చుట్టం ఎప్పుడు శత్రువయ్యాడు? ఎలుకల సంగతి నిజమేనా, మా అమ్మాయి పరీక్షల కోసం బట్టీ పట్టిందా?

ఎటకారం_గోపి
ఆరెకరాల రొయ్యల శాపం ఊరికే పోద్దా అండి.

కోటిపల్లి_రేవు
బావమరిది మాట వినకండి. ఆస్తి గొడవలేమైనా ఉన్నాయా?

డాక్టరమ్మ
ఎలుకల సంగతి తరవాత. రాజుగారూ, మొదటిసారి పెదాలు, రెండోసారి గొంతు. మూడోసారి ఊపిరి కావచ్చు. పొడి చిటికెడైనా వద్దు. ఎలర్జీ చూసే డాక్టరు దగ్గర చర్మం మీద గుచ్చి చేసే పరీక్షో, రక్తంలో ఐజీఈ అనే ఎలర్జీ యాంటీబాడీ పరీక్షో చేయించుకోండి. ఈలోగా పొరపాటున తిని ఆయాసం వస్తే దద్దుర్ల మాత్ర మింగి పడుకోవడం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి, ఎడ్రినలిన్ సూది పడాలి. ఉడికించినంత మాత్రాన రొయ్యలోని ఆ ప్రొటీను చావదు. ఆవిరి పీల్చినా కొందరికి ఉబ్బసం లేస్తుంది, కాబట్టి వంటగదిలో కూడా జాగ్రత్త.

చెరువుగట్టు_రాజు
ఆయ్, వచ్చేవారం వెళ్తానండి. పొడి డబ్బా మా ఆవిడ దాచేసింది.

ఎలుకలగది
మాది పాలకొల్లు. హైదరాబాదులో ఏడేళ్ళు ఎలుకల గదిలోనే పీహెచ్‌డీ చేశాను, అందుకే ఈ పేరు. ముందొక మాట: మన చేలో కంకులు కొరికేదీ, గాదెకింద పందికొక్కూ కాదు. ఇది చిట్టెలుక, అరచేతిలో పడుకునేది.

మీ అమ్మాయి చెప్పింది నిజం. గుడ్డు తెల్లసొనలో ఉండే ప్రొటీన్లలో సగానికి పైగా ఓవాల్బుమిన్ అనే ఒక్కటే. చౌకగా దొరుకుతుంది, ఎలుక ఒంట్లో ఉండదు, అంటే దానికి పూర్తిగా పరాయి వస్తువు. మేము రెండు జట్లు చేసేవాళ్ళం. ఒక జట్టుకి నీళ్ళలో ఓవాల్బుమిన్ కలిపి కొన్నాళ్ళు తాగించడం, రెండో జట్టుకి ఉత్త నీళ్ళు. తరవాత రెండు జట్లకీ అదే ఓవాల్బుమిన్ని రెచ్చగొట్టే మందుతో కలిపి సూదిలో ఇవ్వడం. నీళ్ళు తాగిన జట్టు యాంటీబాడీలు దండిగా తయారుచేస్తుంది, టీ కణాలనే కాపలా తెల్లరక్తకణాలు లెక్కకి మించి పెరుగుతాయి. ముందే తాగిన జట్టులో ఆ హడావిడి చాలా తక్కువ. వేరే ప్రొటీన్ ఇస్తే మటుకు రెండు జట్లూ సమానంగా లేస్తాయి. అంటే ఒళ్ళు నీరసపడలేదు, ఆ ఒక్కదాన్ని మాత్రమే ఏమీ అనలేదు. అసలు కిటుకు అక్కడుంది.

ఎటకారం_గోపి
మా మావయ్య కూడా అంతే. ఊరందరి మీదా లేస్తాడు, అత్త ఒక్కదాన్నే ఏమీ అనడు. పెళ్ళయిన కొత్తలో ఏం తాగించిందో.

పాత_పంతులు
ముప్పై మూడేళ్ళు జువాలజీ చెప్పాను. ఎలుకలగది గారు మధ్యలోంచి మొదలెట్టారు. నోటి సంగతి కొత్తది కాదు, 1911లోనే వెల్స్ అనే ఆయన గినీపందులకి గుడ్డు ప్రొటీన్లు తినిపించి ఇలాంటిదే చూశాడు. కానీ "సహనం", అంటే పరాయిదాన్ని చూసీ ఒళ్ళు ఊరుకోవడం, అనే మాటకి పీట వేసింది చిట్టెలుకే. ఇంకా చెప్పాలంటే దానికి దారి చూపింది ఆవు.

1945లో అమెరికాలో రే ఓవెన్ కవల దూడల రక్తం చూశాడు. ఒకే తండ్రి, ఒకే రకం అని కాదు, వేరువేరు అండాల్లోంచి వచ్చిన కవలలు. అయినా ఒక్కో దూడ రక్తంలో రెండో దూడ రక్తకణాలు కలిసి ఉన్నాయి. పెద్దయ్యాక కూడా. పరాయి కణాలు ఒంట్లో తిరుగుతుంటే ఒళ్ళు కిమ్మనలేదు. కారణం, తల్లి కడుపులో ఉన్నప్పుడే రెంటి మాయలూ కలిసి రక్తం అటూ ఇటూ పారింది.

లంక_రైతు
పంతులుగారూ ఒక్క నిమిషం. కోడెతో కవలగా పుట్టిన పెయ్య చూడి కట్టదు అని మా నాన్న అనేవాడు. ఇదేనా?

పాత_పంతులు
అదే, అదే! అక్కడే ఓవెన్ కూడా దృష్టి పెట్టింది. కోడె రక్తంతో పాటు దాని హార్మోన్లు కూడా వచ్చి పెయ్య గర్భసంచిని ఎదగనివ్వవు. ఆవుల్లో అలా పుట్టిన పెయ్యల్లో నూటికి తొంభై గొడ్డే. మీ నాన్నగారికి ముందు సగం తెలుసు, ఓవెన్‌కి వెనక సగం తెలిసింది.

ఇక ఎలుక. తరవాత నోబెల్ అందుకున్న పీటర్ మెదావర్ యుద్ధకాలంలో కాలిన గాయాలకి చర్మం అతికే పనిలో ఉండేవాడు. పరాయి చర్మం అతికితే పది పన్నెండు రోజుల్లో ఊడిపోతుంది. 1953లో లండన్లో ఆయన, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ కలిసి ఒక పని చేశారు. గోధుమరంగు ఎలుక జాతి ఒకటి, తెల్ల జాతి ఒకటి. చూలు గోధుమ ఎలుక కడుపులో ఉన్న పిల్లలకే సన్నటి సూదితో తెల్ల ఎలుక కణాలు ఎక్కించారు. అవి పుట్టి ఎనిమిది వారాలయ్యాక తెల్ల ఎలుక చర్మం అతికారు. మొదటి ఈతలో బతికినవి అయిదు. రెంటికి చర్మం ఊడిపోయింది. మూడింటికి నిలిచింది. గోధుమ ఎలుక వీపు మీద తెల్ల వెంట్రుకల మచ్చ!

నేను క్లాసులో ఆ బొమ్మ రంగు సుద్దతో వేసేవాణ్ణి. పిల్లలు ఎలుకని వదిలేసి సుద్ద ఎవరు కొన్నారని అడిగేవారు.

కాకినాడ_కుర్రాడు
అయిదులో మూడా? దానికి నోబెలా? మా హాస్టల్ మెస్‌లో ఇడ్లీ బాగుండే అవకాశం కూడా అంతే.

పాత_పంతులు
తరవాత బోలెడు చేశారు నాయనా. ఆ తరవాత చేసిన ఇంకో పని వినవయ్యా, అసలు తెలివి దాన్లో ఉంది. తెల్లమచ్చతో హాయిగా బతుకుతున్న గోధుమ ఎలుకకి, సహనం నేర్వని మామూలు గోధుమ ఎలుక నుంచి, అదీ తెల్ల చర్మం మీద ఒకసారి కత్తి కట్టిన ఎలుక నుంచి, లింఫు గ్రంథుల కణాలు ఎక్కించారు. అంతవరకు నిక్షేపంగా ఉన్న తెల్లమచ్చ ఊడిపోయింది. అంటే మచ్చ మారలేదు, దాక్కోలేదు. పరాయిదిగానే ఉంది. దాన్ని ఏమీ అనని కణాలే మారాయి. 1960లో మెదావర్‌కీ, ఇలాంటి సహనం ఉంటుందని ముందే ఊహించిన బర్నెట్‌కీ నోబెల్ వచ్చింది. మెదావర్ డబ్బులో మిగతా ఇద్దరికీ వాటా పంచాడు.

కోటిపల్లి_రేవు
వాటా పంచాడా! మనూరోడు కాదు.

చెరువుగట్టు_రాజు
బావుందండి. కానీ నేను పుట్టకముందు నాకు రొయ్య సూది ఎవరూ వెయ్యలేదు. పెద్దోడి ఒంట్లో కణం ఎలా ఊరుకుంటుంది? చెరువు భాషలో చెప్పండి బాబూ.

ఎలుకలగది
చెరువు భాషలో ప్రయత్నిస్తా.

మొదటి వడపోత సీడ్, అంటే పిల్ల దశ దగ్గరే. గుండె పైన థైమస్ అని గ్రంథి ఉంటుంది, టీ కణాలకి హేచరీ. దాని పనేంటో 1961లో జాక్ మిల్లర్ పసి ఎలుకల్లో అది తీసేసి చూపించాడు. అక్కడ తయారయ్యే కణాల్లో నూటికి తొంభై పైనే బయటకి రావు. ఒంటినే కరిచే రకాలు అక్కడే చచ్చిపోతాయి. 1987లో కాప్లర్, మారక్ అనే భార్యాభర్తలు ఎలుక థైమస్‌లోనే ఇది జరగడం పట్టుకున్నారు. కానీ రొయ్య థైమస్‌లో ఉండదు కదా. కాబట్టి హేచరీ దాటి చెరువులోకి వచ్చాక కూడా కాపలా కావాలి.

అక్కడ రెండు పద్ధతులు. ఒకటి, బ్యాంకు లాకరు. టీ కణం లేవాలంటే రెండు తాళాలు పడాలి. పరాయి ముక్క తగలడం ఒక తాళం. ప్రమాదం ఉంది అని పక్క కణం ఇచ్చే సైగ రెండో తాళం. మొదటి తాళం పడి రెండోది పడకపోతే ఆ కణం లేవదు, చావదు, మూగబోతుంది. తరవాత రెండు తాళాలూ ఇచ్చినా సరిగ్గా పలకదు. 1987లో జెంకిన్స్, స్వార్ట్‌జ్ ఎలుక కణాల్లో ఇది చూపించారు. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకీ ఇలాంటి మూగనోము ఉంది. 1988లో గుడ్‌నౌ కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే ప్రొటీన్ జన్యువుని ఎలుకలోనే పెట్టేశాడు. దాన్ని పట్టగల బీ కణాలు ఒంట్లో తిరుగుతూనే ఉన్నాయి, నోరు మాత్రం మెదపలేదు.

రెండో పద్ధతి పెద్దమనుషులు. రచ్చబండ దగ్గర కర్ర పట్టుకోకుండా, నోటితోనే కొట్లాట ఆపేవాళ్ళు. వీళ్ళ పేరు ట్రెగ్ కణాలు. పేగులో జరిగేది ఎక్కువగా ఇదే. పేగు గోడలోని డెండ్రైటిక్ కణాలు తిండి ముక్కని పట్టుకుని దగ్గరి లింఫు గ్రంథికి తీసుకెళ్తాయి, అక్కడ విటమిన్ ఏ నుంచి తయారైన రెటినోయిక్ ఆమ్లం సాయంతో కొత్త టీ కణాన్ని రౌడీగా కాక పెద్దమనిషిగా తయారుచేస్తాయి. ఎలుకల్లో కొంచెం కొంచెంగా పెట్టినప్పుడు పెద్దమనుషులు పుడతారు, ఒకేసారి దండిగా పోసినప్పుడు కణాలు మూగబోవడమో చావడమో ఎక్కువ.

ఎటకారం_గోపి
అంటే భోజనాల్లో అన్నీ కొంచెం కొంచెం వడ్డించమనడం వెనక సైన్సుందన్నమాట. మా పిన్ని ఒకేసారి దండిగా పోస్తుంది, మేమంతా మూగబోతాం.

రాజుగారమ్మాయి
బట్టీ పట్టిందా అని అడిగింది మా నాన్నే కదా, చూశాను నాన్నా.

2025 అక్టోబరులో వైద్య నోబెల్ వచ్చింది ఈ పెద్దమనుషులకే. సకాగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్. దీని వెనక కథ మా సెమినార్లో చెప్పాను. 1969లో జపాన్లో నిషిజుకా, సకాకురా ఆడ చిట్టెలుక పిల్లలకి పుట్టిన మూడో రోజున థైమస్ తీసేశారు. హేచరీ మూసేస్తే కణాలు తగ్గి, పిల్ల నీరసపడాలి కదా. కానీ అవి తమ అండాశయాల్నే తినేసుకున్నాయి. ఎందుకంటే రౌడీ కణాలు మొదటి రెండు రోజుల్లోనే బయటకొచ్చేశాయి, పెద్దమనుషులు ఇంకా రాలేదు. 1995లో సకాగుచి ఆ పెద్దమనుషుల వంటి మీద గుర్తు పట్టుకున్నాడు, సీడీ25 అని.

రెండో కథ అమెరికాది. 1940ల్లో టెనెసీలో రేడియేషన్ పరిశోధన కోసం పెంచుతున్న ఎలుకల్లో కొన్ని మగ పిల్లలు పొట్టు లేచిన చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టి కొన్ని వారాలకే చచ్చిపోయేవి. స్కర్ఫీ అని పేరు పెట్టారు. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ కారణం పట్టారు, ఎక్స్ క్రోమోజోము మీద ఫాక్స్‌పీ3 అనే ఒక్క జన్యువు. అదే జన్యువు చెడితే మగపిల్లలకి కూడా పసితనంలోనే అలాంటి ప్రాణాంతక జబ్బు వస్తుంది. ఆ జన్యువే పెద్దమనుషుల్ని పెద్దమనుషులుగా చేస్తుందని తరవాత 2003లో తేలింది.

నోబెల్ ప్రకటించిన రోజు రామ్స్‌డెల్ కొండల్లో తిరుగుతూ ఫోను ఆపుకున్నాడంట. కమిటీకి దొరకలేదు.

పాత_పంతులు
ఈ పిల్ల ఏ కాలేజీ? నా దగ్గర చదివుంటే సుద్ద కొనిపెట్టేవాణ్ణి.

చెరువుగట్టు_రాజు
😊 ఇంట్లో ఒక్క ముక్క ఇలా చెప్పదండి. ఇక్కడికొచ్చి చెప్తోంది.

కాకినాడ_కుర్రాడు
అందరూ ఎలుకకి హారతులిస్తున్నారు కాబట్టి చెడ్డవాణ్ణి నేనవుతా. మా అమ్మకి కీళ్ళవాతం, అందుకని ఇవన్నీ చదివాను. కొన్ని ఎలుకలకి నరాల పొరలోని ప్రొటీన్ తినిపిస్తే, నరాల మీద ఒళ్ళే దాడిచేసే జబ్బు రాకుండా ఆగింది. బ్రహ్మాండం అన్నారు. మనుషుల్లో అలాంటి జబ్బే అయిన మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకి అదే పద్ధతిలో ఇచ్చారు, 1990ల్లో పెద్ద పరీక్ష. పని చెయ్యలేదు. కీళ్ళవాతానికి కోడి కొలాజెన్ ఇచ్చి చూసినప్పుడూ గట్టి ఫలితం నిలబడలేదు. ఎలుక ఎలుకే, మనిషి మనిషే.

ఎలుకలగది
ఒప్పుకుంటా. ఒక్క తేడా మాత్రం చూడండి. ఆ ఎలుకలకి చాలావరకు జబ్బు రాకముందే తినిపించారు. మనుషులకి జబ్బు ముదిరాక ఇచ్చారు. ఎలుకల్లో కూడా ముందే రెచ్చిపోయినదానికి తినిపించి శాంతపరచడం చాలా కష్టం. ఏడేళ్ళలో నేను స్వయంగా చూసింది ఇదే. రాజుగారి బావమరిది గారి చిటికె వైద్యం ఎందుకు ప్రమాదమో కూడా ఇక్కడే ఉంది: రాజుగారి ఒళ్ళు ఇప్పటికే రెచ్చిపోయిన ఎలుక.

డాక్టరమ్మ
కుర్రాడు గారూ, ఎలుక చెప్పింది మనిషిలో నిలబడ్డ సందర్భం కూడా ఉంది. 2015లో లండన్ వాళ్ళు 640 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు, నాలుగు నుంచి పదకొండు నెలల వయసు, ముందే తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) లేదా గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళు. సగం మందికి వేరుశనగ వారం వారం తినిపించారు, సగం మందికి అసలు ముట్టించలేదు. అయిదేళ్ళు వచ్చేసరికి ముట్టనివాళ్ళలో 17.2 శాతానికి వేరుశనగ ఎలర్జీ, తిన్నవాళ్ళలో 3.2 శాతానికే. అంతకుముందు మేమే తల్లులకి మూడేళ్ళదాకా పెట్టొద్దని చెప్పేవాళ్ళం. పొరపాటు మాదే.

అత్తిలి_అమ్ములు
అందుకే మన పెద్దలు ఆరో నెల అన్నప్రాశన పెట్టారు. మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు.

కాకినాడ_కుర్రాడు
అన్నప్రాశనలో పెట్టేది పాయసం అండి. రొయ్యల వేపుడు కాదు.

అత్తిలి_అమ్ములు
మీరు మా పుట్టింటికి రాలేదు కాబట్టి అంటున్నారు.

డాక్టరమ్మ
అమ్ములు గారూ, ఎగ్జిమా గట్టిగా ఉన్న బిడ్డకైతే డాక్టరుని అడిగి పెట్టండి. మామూలు బిడ్డకి గుడ్డూ వేరుశనగా మెత్తగా చేసి ఆలస్యం చెయ్యకుండా పెట్టడమే మంచిది. గింజ గింజగా మాత్రం వద్దు, గొంతులో అడ్డం పడుతుంది. ఎలుకల్లో ఇంకోటి బావుంటుంది, తల్లి ఎలుక ఓవాల్బుమిన్ పీలిస్తే అది పాలలోకి వచ్చి, ఆ పాలు తాగిన పిల్లలకి దాని వల్ల వచ్చే ఉబ్బసం రాకుండా కాపాడింది, 2008 నాటి పని. మనుషుల్లో అంత తేటగా ఇంకా లేదు.

చెరువుగట్టు_రాజు
నా ప్రశ్న ఏ కాలవలోకి పోయింది? ముప్పై ఏళ్ళు తిన్నవాడికి ఇప్పుడెందుకు?

ఎలుకలగది
అడుగుదామనే ఉన్నా. మీ చేతులెలా ఉన్నాయి?

చెరువుగట్టు_రాజు
చేతులా? ఈ ఏడు వానల్లోంచీ పాసిపోయి పగుళ్ళు. చెరువులో సున్నం, బ్లీచింగు చల్లేది నేనే, కూలీలు దొరక్క. రొయ్యల పట్టుబడి రోజున ఐసులో చేతులు పెట్టి కౌంటు చూసి గ్రేడింగు కూడా నేనే చేశా. మంట పుట్టేది. ఎందుకు?

ఎలుకలగది
ఇదిగో. 1998లో బోస్టన్లో ఒక జట్టు ఎలుక వీపు గొరిగి, ఓవాల్బుమిన్ గుడ్డ కట్టి ఉంచింది. ఒళ్ళు ఐజీఈ తయారుచేసింది, తరవాత అదే ముక్కులోకి పోతే ఊపిరితిత్తులు కూడా బిగుసుకున్నాయి. ఇంకో జట్టు చర్మం దారిన వేరుశనగ ముందు తగిలిస్తే, ఆ తరవాత నోటి ద్వారా పెట్టినా సహనం రాలేదని చూపించింది. పేగు గుమ్మంలో పెద్దమనుషులు కూర్చుంటారు. చిరిగిన చర్మం గుమ్మంలో గంట కొట్టేవాళ్ళు కూర్చుంటారు. రెండో తాళం అక్కడ రెడీగా ఉంటుంది.

కాకినాడ_కుర్రాడు
ఆగండాగండి. మీ ఎలుకలకి ముందు చర్మం, తరవాత నోరు. రాజుగారికి ముందు ముప్పై ఏళ్ళు నోరు, తరవాత చర్మం. తిరగేసి అతికిస్తున్నారు.

ఎలుకలగది
పట్టేశారు. నిజమే, ఆ ప్రయోగం రాజుగారికి అచ్చంగా సరిపోదు. నా దగ్గరున్నది ఇంతే: సహనం ఒకసారి వేసిన ముద్ర కాదు. గుడ్‌నౌ ఎలుకల్లోని మూగ బీ కణాల్ని, ఆ గుడ్డు ప్రొటీన్ లేని ఎలుకలోకి మారిస్తే కొన్నాళ్ళకి నోరు మళ్ళీ వచ్చింది, 1991లో చూపించారు. మూగగా ఉండటానికి ఆ వస్తువు కనబడుతూ ఉండాలి.

డాక్టరమ్మ
ఇది నేను చూశాను కూడా. ఎగ్జిమా పిల్లలకి ఎవరో పాలు మాన్పిస్తారు, అంతకుముందు హాయిగా తాగేవాళ్ళే. నెలల తరవాత మళ్ళీ పట్టిస్తే ఒళ్ళంతా లేస్తుంది. తినడం ఆగింది, చర్మం నుంచి తగలడం ఆగలేదు.

రాజుగారూ, కార్తీకం నెలంతా తినలేదన్నారు. పట్టుబడి ఎప్పుడు?

చెరువుగట్టు_రాజు
కార్తీకంలోనే!! నీచు తినలేదు కానీ నీచులోనే మునిగాను.

కోటిపల్లి_రేవు
శివుడు ఊరుకున్నాడు, టీ కణం ఊరుకోలేదు.

కాకినాడ_కుర్రాడు
కథ బావుంది. కానీ ఆయన ప్రతీ ఏడూ కార్తీకం చేస్తారు, పన్నెండేళ్ళుగా చెరువుంది. ఈ ఏడే ఎందుకు?

డాక్టరమ్మ
చేతుల పగుళ్ళు ఈ ఏడే. అయినా మీరన్నది సబబే, ఒక మనిషి ఒక ప్రయోగం కాదు, రెండో జట్టు రాజుగారు లేరు. రొయ్య ఎలర్జీ పెద్దయ్యాక మొదలవడం అరుదేమీ కాదు, చాలాసార్లు కారణం దొరకదు. ఇంకో అనుమానితుడు కూడా ఉన్నాడు. రొయ్యలో ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన ప్రొటీన్ ట్రోపోమయోసిన్. దుమ్ములోని చిన్న పురుగుల్లో, బొద్దింకల్లో కూడా దాని అన్నదమ్ములుంటారు. దాన్ని పీల్చి రెచ్చిపోయిన ఒళ్ళు రొయ్యని చూసి అదే అనుకోవచ్చు.

ఎటకారం_గోపి
బొద్దింక చేసిన పాపానికి రొయ్యకి శిక్ష. మా ఊరి తీర్పులు ఇలాగే ఉంటాయి.

లంక_రైతు
పాములోళ్ళు కొంచెం కొంచెం విషం ఎక్కించుకుంటారంటారు కదా. అదీ ఇదీ ఒకటేనా? అలాగైతే బావమరిది మాటలో తప్పేముంది?

ఎలుకలగది
పూర్తిగా తలకిందులు. పాము విషానికి గుర్రాల్లో మందు తయారుచేసేటప్పుడు కొంచెం కొంచెం ఎక్కించి ఒంటిని బాగా రెచ్చగొడతారు, యాంటీబాడీల కోసం. అది కత్తి నూరడం. ఇక్కడ మనం మాట్లాడేది కత్తి ఒరలో పెట్టించడం. కల్లు అలవాటు కూడా వేరే, అది కాలేయం, మెదడు లెక్క.

డాక్టరమ్మ
చిటికెతో మొదలెట్టే వైద్యం నిజంగానే ఉంది, అబద్ధం చెప్పను. వేరుశనగకి అమెరికాలో 2020లో ఒక మందుకి అనుమతి కూడా వచ్చింది. మిల్లీగ్రాముల్లో మొదలెట్టి, డోసు పెంచే ప్రతిసారీ ఆసుపత్రిలో కూర్చోబెట్టి, సూది పక్కన పెట్టుకుని ఇస్తారు. ఎక్కువమందికి అది మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. బావమరిది చిటికెలో ఎన్ని మిల్లీగ్రాములో ఆయన్ని చెప్పమనండి.

చెరువుగట్టు_రాజు
ఆయన చిటికె అంటే అరచెయ్యండి.

గుర్రపుడెక్క
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఒక్కటి రాస్తా. మా అమ్మది బోదకాలు. కాకినాడ కాలవ గట్టున ఇల్లు. మా చిన్నప్పుడు రాత్రి పది దాటాక లైటేసుకుని రక్తం తీసేవాళ్ళు వచ్చేవారు. అమ్మ రక్తంలో పురుగు దొరకలేదు. కాళ్ళు నున్నగా ఉన్న మా బాబాయి రక్తంలో లెక్కలేనన్ని. ఆయన జీవితాంతం ఫుట్‌బాల్ ఆడాడు. ఇది కూడా మీరు చెప్పే సహనమేనా?

ఎలుకలగది
ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మంచి ప్రశ్న ఇదే. అవును. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు బతకాలంటే పెద్దమనుషుల్ని తనవైపు తిప్పుకోవాలి. రక్తంలో పిల్లపురుగులు నిండుగా ఉండి కాళ్ళు బావున్నవాళ్ళలో ఆ పురుగు మీద ఒంటి స్పందన బాగా అణిగి ఉంటుంది. మీ అమ్మగారి లాంటివాళ్ళలో ఒళ్ళు ఎదురు తిరిగింది, ఆ యుద్ధం జరిగిన చోటు కాలు. అందరిలో ఇంత నున్నగా రెండు జట్లు ఉండవు, కానీ స్థూలంగా అంతే.

ఎలుకల్లో పెరిగే ఫైలేరియా పురుగు ఒకటుంది, లిటోమోసోయిడిస్ అని నోరు తిరగని పేరు. ఒక ఎలుక జాతిలో హాయిగా పెరుగుతుంది, ఇంకో జాతిలో పెరగదు. పెరిగే జాతిలో ట్రెగ్ కణాల్ని మందులతో అణిచేస్తే, ఒళ్ళు లేచి పురుగుల్ని చంపడం మొదలెట్టింది. సహనం అనగానే మంచిదే అనుకుంటాం. పురుగుకి కూడా మంచిదే.

గుర్రపుడెక్క
అమ్మ పోయి నాలుగేళ్ళయింది. బాబాయి, ఆ పురుగుని చంపే డీఈసీ మాత్రలు పంచడానికి వస్తే నాకేం జబ్బు లేదని వేసుకునేవాడు కాదు. ఇప్పుడైతే గట్టిగా తిట్టేదాన్ని.

అత్తిలి_అమ్ములు
🙏 మా అత్తగారిది కూడా అంతే అమ్మా.

కాకినాడ_కుర్రాడు
దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు.

పాత_పంతులు
రాజుగారికి ఒక చిన్న ముక్క. రొయ్యకి టీ కణమూ లేదు, బీ కణమూ లేదు, థైమస్సూ లేదు. ఈ సహనం పాఠం చదవాల్సిన అవసరమే దానికి లేదు.

ఎటకారం_గోపి
అందుకే రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వస్తే ఒక్క రాత్రిలో చెరువంతా తేలుతుంది. ఎలుకకి తెల్లమచ్చ వస్తే నోబెల్, రొయ్యకి వస్తే అప్పు.

చెరువుగట్టు_రాజు
గోపీ, ఆ మాట నవ్వు రాలేదు, రెండేళ్ళ క్రితం తేలింది మాదే. సరే నవ్వాను.

పదిరోజుల తరవాత రాస్తున్నా. పరీక్ష అయింది. రొయ్యకి పెద్ద ఎర్ర బొబ్బ, దుమ్ము పురుగుకి కూడా చిన్నది లేచింది. చేపల్లో ఎలర్జీ తెచ్చే ప్రొటీన్ వేరేదంట, ఆ పరీక్షలో ఏమీ రాలేదు, కొరమేను తినొచ్చన్నారు. చేతులకి పూత మందు, చెరువులో దిగితే మోచేతిదాకా గ్లౌజులు. గ్రేడింగు ఇక మా బావమరిది చేస్తాడు, నోరు తెరిచినందుకు అదే శిక్ష. ఎండురొయ్యల డబ్బా రెండు కేజీలుంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

కోటిపల్లి_రేవు
నాకు.

ఎటకారం_గోపి
నేను ముందు చూశాను. రేవు గారు రాసింది తరవాత, టైము చూసుకోండి.

రాజుగారమ్మాయి
డబ్బాలో రెండు కేజీలు లేవు, కేజీన్నర. మావయ్య పట్టుకెళ్ళాడు.

లంక_రైతు
పంతులుగారూ, ఇంకొక్క సందేహం. అలాంటి కవల పెయ్య మాకొకటుండేది, దాన్ని పోయినేడు సంతలో అమ్మేశాను. మా నాన్న మాట తెలిసీ చెప్పకుండానే అమ్మాను. కొన్నాయన ఆత్రేయపురం వైపు, నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ఎదకి రావట్లేదని. ఆయన ఇలాంటివి చదివే రకమేనంటారా?

పాత_పంతులు
ఇప్పటికి చదివే ఉంటాడు.